సోమవారం నుంచి శనివారం దాకా, ఏడున్నరకే లాగ్: ఎంవీపీ కాలనీలో ఒక కేసు

ఇళ్లలో వైఫై సరిచేయడం నా పని. ఈ కేసు రోజూ సాయంత్రం ఆటలో వచ్చే లాగ్‌ది, అంటే నొక్కినది తెరమీదికి ఆలస్యంగా రావడం. వివరాలు రాయడానికి ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్నారు. పేర్లు రాయవద్దన్నారు కాబట్టి పెద్దబ్బాయి, చిన్నబ్బాయి, అమ్మాయి, మామ్మ అనే రాస్తాను. విశాఖ ఎంవీపీ కాలనీలో నాలుగో అంతస్తులో మూడు బెడ్‌రూముల ఫ్లాటు వాళ్లది. తండ్రి స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేస్తారు. నాకు ఫోన్ చేసింది ఆయనే.

"300 ఎంబీపీఎస్ ప్లాన్ అండి. ఫోన్లో చూస్తే 280 వస్తోంది. పిల్లలు మాత్రం రోజూ సాయంత్రం నెట్ బాలేదని గొడవ. కంపెనీవాళ్లు రెండుసార్లు బాక్సు మార్చారు. మీరొకసారి వచ్చి చూడండి."

ఇలాంటి ఫోన్లు నాకు నెలకు నాలుగైదు వస్తాయి. సగం కేసుల్లో తప్పు బయటి లైనుది కాదు, ఇంట్లో ఆఖరి పది మీటర్లది. ఇదీ అదే బాపతని మొదటి రోజే అనుకున్నాను. అనుకున్నది నిజమే, కారణం మాత్రం నేను ఊహించింది కాదు. మధ్యలో రెండు తప్పులు చేశాను. అవీ రాస్తున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్లకు అవే ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇంట్లో ఏమేం ఉన్నాయి

హాల్లో టీవీ కింద, గాజు తలుపున్న అరలో పీఎస్5, అంటే సోనీ ఆటల యంత్రం (కన్సోల్). అది పెద్దబ్బాయిది. వెనక బెడ్‌రూములో చిన్నబ్బాయికి అన్నయ్య దగ్గర్నుంచి సంక్రమించిన పీఎస్4, 2013లో వచ్చిన మొదటి మోడల్. అమ్మాయి చేతిలో నింటెండో స్విచ్, పాత మోడలే. పై అంతస్తులో పెదనాన్నగారి అబ్బాయికి ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది. అతని ఇంటర్నెట్ లైను వేరు, కానీ కేసు చివర్లో అతనూ వచ్చి చేరాడు.

ఫైబర్ వచ్చేది గుమ్మం పక్కన. అక్కడ గోడలో బిల్డరు పెట్టిన ఇనప డబ్బా, అందులో కంపెనీ ఇచ్చిన బాక్సు. దాని పక్కనే, చెప్పుల స్టాండు మీద, తండ్రి రెండేళ్ల క్రితం కొన్న వైఫై 5 రూటరు. రెండూ వైఫై వదులుతున్నాయి, రెండూ ఒకే ఛానల్ మీద. ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి మాట్లాడుతున్నట్టన్నమాట. కంపెనీ బాక్సులో వైఫై ఆపేయడం ఆ రోజు నేను చేసిన మొదటి పని.

ఆ 280 ఎక్కడ చూశారని అడిగాను. "ఇక్కడే" అని తండ్రి చెప్పుల స్టాండు పక్కన నిలబడి చూపించారు. అక్కడ 280 రాకపోతేనే ఆశ్చర్యం. అదే ఫోను పట్టుకుని వెనక గదిలోకి వెళ్తే 2.4 గిగాహెర్ట్జ్ మీద 11 వచ్చింది (ఈ రూటరు వైఫైకి రెండు బ్యాండ్లు, అంటే రెండు రేడియో దారులు: 2.4, 5 గిగాహెర్ట్జ్). మధ్యలో రెండు ఇటుక గోడలు, ఒక కాంక్రీటు పిల్లరు, పిల్లరుకు ఆనించి మామ్మగారి పాత బీరువా. బీరువా అంటే ఆరడుగుల ఇనప రేకు. రేడియో సిగ్నల్‌కి అంతకంటే పెద్ద అడ్డు ఇళ్లలో ఉండదు.

కన్సోల్ పుట్టిన సంవత్సరం

ఈ పనిలో నేను ముందు అడిగేది ప్లాన్ ఎంతని కాదు, కన్సోల్ ఏ ఏడాదిదని. ఫోను మూడేళ్లకోసారి మారుతుంది, దాంతోపాటు లోపలి వైఫై రేడియో కూడా మారుతుంది. కన్సోల్ ఏడెనిమిదేళ్లు ఇంట్లో ఉంటుంది, తర్వాత తమ్ముడి గదికి వెళ్తుంది. దాని రేడియో తయారైన ఏడాది దగ్గరే ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో కొత్త యాంటెన్నా మొలవదు.

2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360లో అసలు వైఫై లేదు, విడిగా అడాప్టర్ కొనుక్కోవాలి. 2010 నాటి సన్నటి మోడల్‌లో లోపలే పెట్టారు. 2006 నాటి నింటెండో వీ కన్సోల్‌కి 802.11బీ, జీ అనే పాత వైఫై తరాలు మాత్రమే తెలుసు. పీఎస్4 మొదటి మోడల్‌కి తర్వాతి తరం 802.11ఎన్ తెలుసు, కానీ 2.4 గిగాహెర్ట్జ్ మీదే. అదే ఏడాది వచ్చిన ఎక్స్‌బాక్స్ వన్ 5 గిగాహెర్ట్జ్ కూడా పట్టుకుంటుంది. పీఎస్4 కుటుంబానికి 5 గిగాహెర్ట్జ్ వచ్చింది 2016లో, స్లిమ్, ప్రో మోడళ్లతో. ఈ సంగతి తెలియక "పీఎస్4లో 5 గిగాహెర్ట్జ్ ఉంటుంది కదా" అని నాతో వాదించినవాళ్లు చాలామంది. ఉంటుంది, కానీ అన్నిట్లో కాదు. వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబరు చూసి మాట్లాడాలి.

2017 స్విచ్‌కి 802.11ఏసీ, అంటే వైఫై 5, ఉంది. 2020 నవంబరులో వారం తేడాలో వచ్చిన రెండింటిలో పీఎస్5కి వైఫై 6 ఇచ్చారు, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ మాత్రం వైఫై 5 దగ్గర ఆగాయి. ఆటకు దానివల్ల పెద్ద లోటు లేదు. 80 మెగాహెర్ట్జ్ వెడల్పు, రెండు యాంటెన్నాలు ఉంటే వైఫై 5 లింకే కాగితం మీద 867 ఎంబీపీఎస్. 2024 పీఎస్5 ప్రోలో వైఫై 7, 2025 స్విచ్ 2లో వైఫై 6 వచ్చాయి. అయితే ఈ అంకెలు రూటరు కూడా అదే భాష మాట్లాడినప్పుడే. ఈ ఇంట్లో రూటరు వైఫై 5, కాబట్టి పీఎస్5 కూడా ఒక మెట్టు దిగి వైఫై 5లోనే మాట్లాడుతుంది.

కన్సోళ్లలో మామూలుగా మనం సొంత ప్రోగ్రాం పెట్టి పింగ్, అంటే ఒక చిన్న సందేశం వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైము, కొలవలేం. పీఎస్5లో నెట్‌వర్క్ టెస్ట్ నొక్కితే డౌన్‌లోడ్, అప్‌లోడ్ వేగం, నాట్ టైప్ (బయటి ఆటగాళ్లతో కలవడానికి రూటరు ఎంత వీలిస్తోందో) చెబుతుంది కానీ ఆటను పాడుచేసే ఆ ఒక్క క్షణపు ఆలస్యాన్ని చూపించదు. అందుకని నేను రెండు చోట్ల చూస్తాను. ఒకటి, రూటరు లోపల ఏ పరికరం ఎంత సిగ్నల్‌తో, ఏ బ్యాండులో, ఎంత లింకు వేగంతో ఉందో చెప్పే పట్టిక. రెండు, కన్సోల్ ఉన్న అరలోనే, అదే ఎత్తులో లాప్‌టాప్ పెట్టి రూటరుకే పింగ్. ఇంటర్నెట్‌కి కాదు, రూటరుకి. లోపలి జబ్బూ బయటి జబ్బూ విడదీయడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు తెలియదు.

వారం రోజుల పింగ్ రికార్డు

మొదటి రోజు పొద్దున వెళ్లాను కాబట్టి అన్నీ బాగానే ఉన్నాయి. రోగి డాక్టరు దగ్గరికి వచ్చాక జ్వరం తగ్గిపోయినట్టు. పాత లాప్‌టాప్ రెండు అక్కడే వదిలి వచ్చాను. ఒకటి రూటరుకి వైరుతో, ఇంకోటి టీవీ అరలో వైఫైతో. రెండూ సెకనుకోసారి రూటరుకీ, కంపెనీ మొదటి గేట్‌వేకీ (ఇంటి లైను బయట చేరే కంపెనీ యంత్రం) పింగ్ చేసి ఫైల్లో రాసుకుంటాయి.

వారం తర్వాత తెరిచి చూశాను. వైరు లాప్‌టాప్ ఫైలు బోసిపోయి ఉంది. కంపెనీ గేట్‌వేకి 3, 4 మిల్లీసెకన్లు, వారమంతా అదే. కంపెనీవాళ్ల తప్పు ఆవగింజంత కూడా లేదు. వైఫై లాప్‌టాప్‌లో పగలంతా 3 నుంచి 8, రాత్రి 7.30 కాగానే ఒక్కసారిగా 90, 140, ఒక్కోసారి 300 దాటింది. 9.30 తర్వాత మళ్లీ మామూలే. పక్కవాళ్లందరూ ఇళ్లకు వచ్చి వైఫై వాడే టైము కదా, గాలిలో రద్దీ అనుకున్నాను. ఆ ఫ్లాటులో నిలబడితే ఫోనులోని ఎనలైజర్‌కి 2.4లో 23 నెట్‌వర్కులు కనిపించాయి. అక్కడ ఒకదాని మీద ఒకటి పడని ఛానళ్లు మూడే: 1, 6, 11.

కానీ ఆదివారం సాయంత్రం గ్రాఫు బల్లపరుపుగా ఉంది.

ఇది నన్ను ఇబ్బంది పెట్టింది. అపార్టుమెంటు మొత్తం ఇంట్లో ఉండేది ఆదివారమే కదా. పక్కవాళ్ల రద్దీ అయితే ఆదివారం ఇంకా ఎక్కువ ఉండాలి. సోమవారం నుంచి శనివారం వరకు, ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర. ఈ టైముటేబులు ఎక్కడో విన్నట్టుంది.

బుధవారం సాయంత్రం ఏడుంపావుకి వెళ్లి హాల్లో కూర్చున్నాను. టీ వచ్చింది. పెద్దబ్బాయి సోఫాలో కంట్రోలర్ పట్టుకుని ఆడుతున్నాడు, లాగ్ లేదు. ఏడున్నరకి రెండు నిమిషాల ముందు మామ్మగారు గదిలోంచి వచ్చి కుర్చీ టీవీ ముందుకి లాక్కున్నారు. మాటల్లేవు. మనవడు రిమోట్ ఆవిడ చేతికిచ్చి, ట్యాబ్, కంట్రోలర్ పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు.

"ఆట ఆపేశావా?" అని వెనకాలే వెళ్లి అడిగాను.

"లేదంకుల్, రిమోట్ ప్లే. పీఎస్5 అక్కడే నడుస్తుంది, బొమ్మ ఇక్కడికి వస్తుంది."

సీరియల్ మొదలైంది. లాప్‌టాప్‌లో పింగ్ 120.

సంగతి మామ్మగారికి చెబితే ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "ఏటి బాబూ, నా సీరియలుకీ ఆడి ఆటకీ ఏటి సంబంధం? నాది డిష్షు కదా" అన్నారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. సీరియల్ వైఫైని ముట్టుకోలేదు. పీఎస్5 బొమ్మను టీవీలోంచి తీసి గాలిలోకి నెట్టింది.

ఒకే మైకు

వైఫైలో ఒక ఛానల్ అంటే సభలో ఒకే మైకు. ఒక్కరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. రూటరు కూడా వరసలో నిలబడాల్సిందే. మాట సరిగ్గా వినపడకపోతే మళ్లీ చెప్పాలి, ఆ సేపు కూడా మైకు ఖాళీ ఉండదు. నత్తిగా మాట్లాడేవాడు మైకు పట్టుకుంటే అందరికీ ఆలస్యం.

ఇప్పుడు ఈ ఇంటిని చూడండి. రూటరులో రెండు బ్యాండ్లకీ ఒకే పేరు పెట్టి ఉంది. గాజు తలుపు వెనక, పిల్లరు చాటున ఉన్న పీఎస్5కి 5 గిగాహెర్ట్జ్ బలహీనంగా అందుతోంది కాబట్టి అది 2.4కి వెళ్లి కూర్చుంది. రూటరు పట్టికలో సిగ్నల్ మైనస్ 71 డీబీఎం, అంటే బలహీనం, లింకు 58 ఎంబీపీఎస్. మామూలుగా ఆటకు ఇది చాలు. చాలా ఆన్‌లైన్ ఆటలకు 1 ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు. జనం ప్లాన్ పెంచుకుంటూ పోయి మోసపోయేది ఇక్కడే.

రిమోట్ ప్లే సంగతి వేరు. దానికి కనీసం 5, బాగుండాలంటే 15 ఎంబీపీఎస్ కావాలని సోనీయే చెబుతుంది. ఆ 15 పీఎస్5 నుంచి రూటరుకి ఒకసారి, రూటరు నుంచి ట్యాబుకి ఇంకోసారి వెళ్లాలి. రెండూ వైఫైలోనే ఉంటే మైకు రెండుసార్లు పట్టుకోవాలి. ట్యాబు కూడా 2.4లోనే ఉంది. 58 లింకులో నిజంగా చేతికొచ్చేది సగం. అంటే రిమోట్ ప్లే ఒక్కటే మైకును దాదాపు వదలడం లేదు.

అదే 2.4లో వెనక గదిలో చిన్నబ్బాయి పీఎస్4, బీరువా అవతల నుంచి 13 ఎంబీపీఎస్ లింకుతో. నత్తి మనిషి అతనే. అతని ఆటకు కావలసిన డేటా చిటికెడు, కానీ ఆ చిటికెడు పంపడానికి పట్టే టైము పెద్దది. పైగా కంట్రోలర్ల బ్లూటూత్ కూడా 2.4లోనే తిరుగుతుంది. సెకనుకు 60 ఫ్రేములాడే ఆటలో ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. పింగ్ 120 అంటే ఏడు ఫ్రేములు వెనక. ఫుట్‌బాల్ ఆటలో ఏడు ఫ్రేముల్లో గోల్ పడిపోతుంది.

ఆదివారం సీరియల్ లేదు, అందుకే లాగ్ కూడా లేదు.

నా తప్పులు

కారణం దొరికిన సంబరంలో మొదటి తప్పు. 2.4 మొత్తం ఆపేసి, అందరినీ 5కి తోసేశాను. ఇంటికి చేరేలోపే ఫోను. "అంకుల్, నా పీఎస్4లో మన వైఫై పేరే కనబడట్లేదు." పై పేరాల్లో నేనే రాసిన సంగతి ఆ క్షణంలో నేనే మర్చిపోయాను. ఆ పీఎస్4కి 5 అనే లోకమే లేదు. ఫోనులోనే చెప్పి మళ్లీ ఆన్ చేయించి, రెండు బ్యాండ్లకీ రెండు పేర్లు పెట్టించాను. పీఎస్5లో వైఫై సెట్టింగ్‌లోనే 2.4, 5లలో ఏది కావాలో ఎంచుకునే వీలుంది. చాలామంది దాని జోలికి వెళ్లరు.

రెండో తప్పు కాస్త తెలివి ఎక్కువై చేసింది. 5లో ఎక్కువమంది ఛానల్ 36 దగ్గరా 149 దగ్గరా ఉన్నారు, మధ్యలో 100 ఖాళీగా కనిపించింది. పెట్టేశాను. మూడు రోజులు అద్భుతం. నాలుగో రోజు సాయంత్రం ఆట మధ్యలో 5 గిగాహెర్ట్జ్ పేరే మాయమైంది. ఒక నిమిషం పైన ఎవరికీ ఏమీ లేదు. రూటరు తనలో రాసుకునే చిట్టాలో ఒక వాక్యం: రాడార్ గుర్తించబడింది.

మధ్య ఛానళ్లు ఖాళీగా ఉండేది ఊరికే కాదు. వాటిని రాడార్లతో పంచుకుంటున్నాం. ఆ ఛానల్లోకి వెళ్లే ముందు రూటరు కనీసం 60 సెకన్లు నోరు మూసుకుని వినాలి. రాడార్‌లాంటి సిగ్నల్ తగిలితే వెంటనే వదిలేసి అరగంట దాకా అటు చూడకూడదు. అది నిజంగా రాడారా, రాడార్ అనిపించిన ఇంకేదైనా సిగ్నలా అన్నది రూటరుకి అనవసరం, అనుమానం వస్తే చాలు వెళ్లిపోవడమే దాని నియమం. తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఉన్న ఊరు, విమానాశ్రయం కూడా నేవీదే. ఇలాంటి ఊళ్లో సముద్రం వైపు నాలుగో అంతస్తులో ఛానల్ 100 పెట్టడం నా అమాయకత్వం. వాతావరణ శాఖవాళ్ల డాప్లర్ రాడార్ వల్లే అని కొందరంటారు కానీ మన ఊళ్లోది ఎస్ బ్యాండు. అది 3 గిగాహెర్ట్జ్‌కి కిందే పనిచేస్తుంది, మన 5 గిగాహెర్ట్జ్‌కి దాంతో పేచీ లేదు.

36కి వచ్చేశాను. పక్కవాళ్లున్నా ఫర్వాలేదు. 5 గిగాహెర్ట్జ్ గోడలు దాటలేదని తిట్టుకుంటాం కానీ, పక్కింటివాళ్లది మన ఇంట్లోకి రాకపోవడమూ ఆ గుణం వల్లే.

వైరు, ఉప్పుగాలి

అసలు మందు ఏమిటో మొదటి నుంచీ తెలుసు: కదలని దానికి వైరు వేయాలి. పీఎస్5 హాల్లోంచి ఎక్కడికీ పోదు. పీఎస్4 కూడా అంతే. ఆ రెండింటినీ గాలిలోంచి తీసేస్తే మిగిలిన గాలి ట్యాబుకీ, స్విచ్‌కీ, ఫోన్లకీ సరిపోతుంది.

"వైరు ఉందండి, బిల్డరు గోడలో వేశాడు. పెట్టి చూశాం, వైఫై కంటే అధ్వాన్నం" అన్నారు తండ్రి. నమ్మలేదు. పెట్టి చూస్తే నిజమే. పీఎస్5లో గిగాబిట్ పోర్టు ఉంది, కానీ లింకు 100కే పడుతోంది, అదీ మధ్యమధ్యలో తెగుతోంది. గోడమీది సాకెట్ విప్పి టార్చి వేస్తే పిన్నుల మీద పచ్చటి చిలుము. బాల్కనీ పక్క గోడ అది. అక్కడి నుంచి లాసన్స్‌బే బీచి ఎంత దూరం? కిటికీ ఊచలు, గీజరు, సైకిల్ చైను దేన్నీ వదలని ఉప్పుగాలి లాన్ సాకెట్‌ని వదులుతుందా? గిగాబిట్‌కి ఎనిమిది తీగలూ కావాలి. ఒక్కటి సరిగ్గా ఆనకపోయినా రెండు పక్షాలూ రాజీపడి నాలుగు తీగలతో 100కి దిగిపోతాయి. చివర కోసి చూస్తే తీగలు రాగి కూడా కాదు, రాగి పూత పూసిన అల్యూమినియం. వంచితే విరిగిపోయింది.

పాత వైరు చివరకే కొత్త రాగి కేట్ 6 లాన్ కేబుల్ కట్టి పైపులోంచి లాగాం. హాలు పావుగంటలో అయిపోయింది. వెనక గదికి వైరు పైపు మూసుకుపోయి ఉంది, పాత కేబుల్ టీవీ పైపులోంచి దారి చేశాం, నాలుగు గంటలు పట్టింది. అక్కడ ఒక చిన్న యాక్సెస్ పాయింట్, అంటే ఆ గదికే వైఫై ఇచ్చే పెట్టె, పెట్టాను. పీఎస్4 దాని లాన్ పోర్టుకి వైరుతో. 2013 నాటి రేడియోకి అలా విశ్రాంతి దొరికింది. అదే పాయింటు నుంచి ట్యాబుకి గదిలోనే 5 గిగాహెర్ట్జ్ అందింది. ఇప్పుడు రిమోట్ ప్లే బొమ్మ పీఎస్5 నుంచి వైరులో వచ్చి ఆఖరి రెండు మీటర్లు మాత్రమే గాలిలో ఎగురుతుంది. బాల్కనీ గోడ సాకెట్‌ని మళ్లీ అక్కడ పెట్టలేదు. వైరు చివర కనెక్టరు వేసి నేరుగా కన్సోల్‌కే ఇచ్చాను. మధ్యలో అతుకు ఎంత తక్కువ ఉంటే ఉప్పుకి అంత తక్కువ తిండి.

స్విచ్ సంగతి చిన్నదే. పాత మోడల్ డాక్‌లో (టీవీకి కలిపే స్టాండు) లాన్ పోర్టు ఉండదు, యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. 2021 ఓలెడ్ మోడల్ డాక్‌కి వచ్చింది. అమ్మాయి దాన్ని డాక్‌లో పెట్టేదే లేదు, మంచం మీద ఆడుతుంది. అందుకని 5 గిగాహెర్ట్జ్ పేరుకి కలిపి వదిలేశాను.

ఇంకొకటి దాదాపు చూడకుండా వచ్చేసేవాణ్ని. అంతా అయ్యాక కూడా పెద్దబ్బాయి, "నెట్ బావుందంకుల్, కానీ స్టిక్ తిప్పితే అప్పుడప్పుడూ ఆగుతోంది" అన్నాడు. నెట్‌తో పని లేని ఆటలో కూడా అలాగే ఉంది. పీఎస్5 ముందు వైపు పోర్టుకి యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు పొట్టి కేబుల్‌తో వేలాడుతోంది. యూఎస్‌బీ 3 తీగ, కనెక్టరు 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో చప్పుడు చేస్తాయని ఇంటెల్ 2012లోనే వివరంగా రాసింది. కంట్రోలర్ బ్లూటూత్ ఆ చప్పుడులోంచి వినపడాలి. డిస్కును పొడుగు కేబుల్‌తో వెనక పోర్టుకి మార్చి, అర బయట పెట్టాం. ఆగడం పోయింది.

వైఫైకి సంబంధం లేని రెండు

గాజువాకలో ఉండే స్నేహితుడితో పెద్దబ్బాయికి వాయిస్ కలిసేది కాదు. పీఎస్5లో నాట్ టైప్ 3 చూపిస్తోంది, అన్నిటికంటే కఠినమైనది. నాట్ అంటే లోపలి పరికరాలన్నిటినీ ఒకే బయటి అడ్రసు వెనక పెట్టే ఏర్పాటు. కంపెనీ బాక్సు ఒక నాట్, ఇంటి రూటరు దాని మీద ఇంకో నాట్. ఒకే ఇంటికి రెండు గుమ్మాలు, ఇద్దరు వాచ్‌మెన్లు. కంపెనీవాళ్లకి ఫోన్ చేసి బాక్సును బ్రిడ్జి మోడ్‌లో, అంటే నాట్ చేయకుండా దారి మాత్రమే ఇచ్చేలా, పెట్టించాం, ఇంటి రూటరులో యూపీఎన్‌పీ (కన్సోల్ అడిగిన దారిని రూటరు తనే తెరిచే సెట్టింగ్) ఆన్ చేశాం. టైప్ 2 అయింది, వాయిస్ కలిసింది.

పై అంతస్తు అబ్బాయి ఎక్స్‌బాక్స్‌లో మాత్రం నాట్ స్ట్రిక్ట్, అంటే కఠినం, అనే ఉంది. అతని రూటరుకి బయట వైపు అడ్రసు 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులను 2012లో ఈ పనికే కేటాయించారు. కంపెనీ చాలా ఇళ్లను ఒకే బయటి అడ్రసు వెనక పెట్టినప్పుడు లోపల ఇచ్చేవి అవి. ఇంట్లో ఏం తిప్పినా అది ఓపెన్ కాదు. నెలకు అదనంగా కట్టి స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత బయటి అడ్రసు, తీసుకోమన్నాను. ఇలాంటి చోట రూటరు మార్చమని చెప్పేవాళ్లని నమ్మకండి.

రెండోది, ఒకరు ఆట ఆడుతుంటే ఇంకొకరు 80 జీబీ ఆట దించుకోవడం. పింగ్ పెరిగేది వైఫైలో కాదు, లైను దగ్గర కట్టిన క్యూలో. రూటరులో వేగాన్ని లైనుకన్నా పది శాతం తక్కువ పెట్టి క్యూని రూటరు చేతిలోకి తెచ్చాను. తండ్రికి మొదట కోపం వచ్చింది. "300కి డబ్బు కడుతుంటే 270కి తగ్గించారేంటండీ?" ఒక డౌన్‌లోడ్ పెట్టి, పక్కన ఆట ఆడించి చూపించాక ఊరుకున్నారు.

చేతికొచ్చిన అంకెలు

పని అయ్యాక మళ్లీ వారం పింగ్ రికార్డు పెట్టాను. వెనక గదిలో ట్యాబు పక్కనే లాప్‌టాప్, వైఫై మీద, సీరియల్ టైములో రూటరుకి పింగ్ 2 నుంచి 6. రెండుసార్లు 30 దాటింది, రెండూ చిన్నబ్బాయి మైక్రోవేవ్‌లో పాప్‌కార్న్ పెట్టిన రోజులే అని ఇంట్లోవాళ్ల వాదన. 5 గిగాహెర్ట్జ్‌కి మైక్రోవేవ్‌తో సంబంధం లేదు, అయినా నేను వాదించలేదు. కేబుల్, కనెక్టర్లు, యాక్సెస్ పాయింట్ కలిపి అయిదు వేలు దాటలేదు. రూటరు మార్చలేదు, ప్లాన్ మార్చలేదు.

ముంబై సర్వర్‌కి మాత్రం 35 దగ్గరే ఉంది. దాన్ని నేను తగ్గించలేను. విశాఖ నుంచి ముంబైకి గీత గీస్తే సుమారు 1,100 కిలోమీటర్లు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది, కాబట్టి తిన్నగా వెళ్లి వచ్చినా 11 మిల్లీసెకన్లు. కేబుల్ తిన్నగా వెళ్లదు, ఊళ్లు తిరుగుతూ వెళ్తుంది. సింగపూర్ సర్వర్ పడితే ఇంకా దూరం. "గూగుల్ మన ఊరొస్తోంది కదండీ, సముద్రం కింద కేబుల్ ఇక్కడికే వస్తుందట, అప్పుడు తగ్గుతుందా?" అని తండ్రి అడిగారు. 2025 అక్టోబరులో వాళ్లు ప్రకటించినప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ నన్ను అడిగే ప్రశ్న ఇది. ఆటవాళ్లు సర్వర్ ఇక్కడ పెడితే తగ్గుతుంది. పెట్టినా బీరువా అక్కడే ఉంటుందని చెప్పాను.

బిల్లు తీసుకుని లేస్తుంటే అమ్మాయి అటకమీద దొరికిన నింటెండో డీఎస్ పట్టుకొచ్చింది. ఎప్పుడో మేనమామ కొన్నదట. "దీన్ని కూడా కలపండంకుల్." 2004 నాటి యంత్రం, 802.11బీ, వెప్ అనే పాత తాళం తప్ప ఇంకోటి తెలియదు. దాని కోసం ఇంటి వైఫైకి వెప్ పెడితే వీధిలో ఎవరైనా కొన్ని నిమిషాల్లో లోపలికి వస్తారు. పైగా కలిపినా అవతల ఎవరూ లేరు. ఆ డీఎస్ ఆన్‌లైన్ సేవను నింటెండో 2014 మే 20న మూసేసింది. అదే చెప్పాను. మొహం చిన్నబుచ్చుకుంది.

డీఎస్‌లు రెండుంటే రూటరుతో పని లేకుండా ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకుంటాయి. ఆ మాట అనగానే, పైన అన్నయ్య దగ్గర ఇంకోటి ఉందని మెట్లెక్కి పరిగెత్తింది.